కాలు విరిగినా కాన్పు ఆగదు

నెలలు నిండిన ఆడమనిషి కింద పడిందంటే చుట్టూ ఉన్నవాళ్ల కళ్లన్నీ పొట్ట మీదకే పోతాయి. పోవాల్సిందే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ పొట్ట బాగుందని తేలాక కూడా ఆ కళ్లు అక్కడే ఉండిపోతాయి, విరిగిన కాలు ఎవరికీ పట్టదు. "బిడ్డకేం కాలేదు కదా, అదే పదివేలు" అంటారు. నాకు 36వ వారంలో కుడి చీలమండ విరిగింది. అప్పటి నుంచి పురుడయ్యేదాకా, అయ్యాక కూడా, ఈ పదివేలు మాట వింటూనే ఉన్నాను. వింటూ వింటూ నాకు గట్టిగా అనిపించిందేంటంటే, మన దగ్గర గర్భిణికి దెబ్బ తగిలితే రెండు రకాల అతి జరుగుతుంది. ఎముకకి చేయాల్సిన వైద్యాన్ని "కాన్పయ్యాక చూద్దాం" అని వాయిదా వేస్తారు. తీరా కాన్పు దగ్గరికొచ్చేసరికి "కాలు ఇలా ఉంది కదా" అని నేరుగా ఆపరేషన్‌కి రాసేస్తారు. రెండూ జాగ్రత్త పేరుతోనే జరుగుతాయి, రెండింటికీ చాలాసార్లు సరైన కారణమే ఉండదు.

పడింది పెరట్లో, బట్టలుతికే బండ దగ్గర, సబ్బునీళ్ల మీద. శ్రీకాళహస్తి దగ్గర మా పుట్టిల్లు, పురిటికని వచ్చి ఉన్నాను. ఎలా పడ్డానో చెప్పడానికేమీ లేదు, అందరూ పడ్డట్టే పడ్డాను. ఆ వెంటనే మొదలయ్యాయి మాటలు. "చూసుకుని నడవాలి కదమ్మా." "నువ్వేమన్నా వట్టి మనిషివా?" చూసుకుని నడవడానికి ఆ నెలలో పాదాలు కనిపిస్తే కదా! పొట్ట ముందుకు పెరిగేకొద్దీ ఒంటి తూకమే మారిపోతుంది, రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల కీళ్లని పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి, సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టవు. అంత ఉన్నాక జారడంలో వింతేముంది. "కింద గొంతుక్కూర్చుని ఇల్లు తుడువు, నార్మల్ అవుతుంది" అని తడి బండల మీదకి పంపేదీ మనవాళ్లే, జారితే "నీకు నిదానం లేదు" అనేదీ మనవాళ్లే.

పొట్ట సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే వరస అదే. పడ్డాక రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, పొట్ట రాయిలా గట్టిపడి వదలకపోయినా, బిడ్డ కదలికలు తగ్గినా ఒక్క నిమిషం ఆగకూడదు. మాయ గర్భాశయం గోడ నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంటుంది, పైకి దెబ్బ కనపడకపోయినా. ఇవేవీ లేకపోయినా పొట్టకి అదురు తగిలిందంటే కనీసం 4 గంటలు బిడ్డ గుండె చప్పుడు మిషన్ మీద చూడాలి. తల్లి రక్తం నెగెటివ్ గ్రూపైతే, బిడ్డ రక్తానికి విరుగుడు ఆమె ఒంట్లో పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగాలి, దాన్ని 72 గంటల్లోపే వేయాలి. నాకు ఇవన్నీ పద్ధతిగానే జరిగాయి. ఆ విషయంలో మన ఆసుపత్రులు బాగానే కదులుతాయి. చిక్కంతా ఆ మిషన్ బెల్టు విప్పాక మొదలైంది.

"ఎక్స్‌రే వద్దు" అంది మా అమ్మ. "ఎక్స్‌రే ఇప్పుడెందుకులే, క్రేప్ బ్యాండేజీ కట్టి పంపిద్దాం" అన్నాడు అక్కడి డ్యూటీ డాక్టరు. అమ్మ భయపడిందంటే అర్థం చేసుకోవచ్చు. చదువుకున్న డాక్టరు కూడా ఆమె భయానికే తలూపాడు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండింది. లెక్కలు దాపరికమేమీ కావు. చీలమండకి ఎక్స్‌రే తీస్తే కడుపులో బిడ్డకి చేరే రేడియేషన్ 0.001 మిల్లీగ్రే (రేడియేషన్‌ని కొలిచే లెక్క) కన్నా తక్కువ. ఏ ఆసుపత్రి గడపా తొక్కకుండా ఇంట్లో కూర్చున్నా గర్భం మోసినన్నాళ్లలో ప్రకృతి నుంచే బిడ్డకి 0.5 నుంచి 1 మిల్లీగ్రే దాకా అందుతుంది. బిడ్డకి హాని గురించి ఆలోచించాల్సిన మోతాదు 50 మిల్లీగ్రేల పైన. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని లెక్కలివి. అంటే కాలి ఎక్స్‌రేకీ బిడ్డకీ మధ్య ఉన్న దూరం ఆ గదికీ ఈ గదికీ ఉన్నంత కాదు, ఇంకా చాలా ఎక్కువ. అడిగితే పొట్ట మీద సీసపు ఆప్రాన్ కప్పుతారు, మన మనసు కుదుటపడటానికి. నిజంగా అడగాల్సింది వేరే ఉంది. ఆ నెలల్లో వెల్లకిలా పడుకోబెడితే గర్భాశయం బరువు వెన్ను పక్కనున్న పెద్ద సిర మీద పడి తల్లికి కళ్లు తిరుగుతాయి, బిడ్డకి రక్తం తగ్గుతుంది. కుడి తుంటి కింద ఒక దిండు పెట్టి ఎడమ వైపుకి ఒరిగించాలి. ఎక్స్‌రే బల్ల మీదైనా, స్ట్రెచర్ మీదైనా, ఎక్కడైనా సరే. రేడియేషన్ గురించి నలుగురు మాట్లాడారు, దిండు గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఈలోపు మా మామ కారు తీసి రెడీగా ఉన్నాడు, పుత్తూరు పోదామని. మా వైపు ఎముక విరిగితే ముందు నోటికొచ్చే మాట పుత్తూరు కట్టే. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. మా ఇంట్లోనే ఇద్దరు ముగ్గురికి ఆ కట్టుతో నయమైంది, దాన్ని తీసిపారేసే మనిషిని కాను. కానీ చీలమండ అంటే కీలు. కీలు స్థానం తప్పిందా లేదా అన్నది చేత్తో తడిమి తేల్చే విషయం కాదు. తప్పి ఉంటే ప్లేటు, స్క్రూలు వేయాల్సి రావచ్చు, గర్భంతో ఉన్నా ఆ ఆపరేషన్ చేస్తారు. పైగా ఆ నెలలో పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా వాచే పాదం మీద బిగుతుగా కట్టు కడితే లోపల రక్తం ఆడటం కష్టమవుతుంది. "ముందు ఫోటో తీయించుకుని చూద్దాం మామా, ఎక్కడికైనా తర్వాత పోవచ్చు" అన్నాను. గొణుక్కుంటూనే తీసుకుపోయాడు. అదృష్టం బాగుండి ఎముక చీలిందే గానీ జరగలేదు. మోకాలి కింద నుంచి ఫైబర్ కట్టు వేశారు, ఆ కాలు నేల మీద ఆనించొద్దన్నారు.

ఇక నొప్పి. ఇదే అన్నిటికన్నా మాట్లాడుకోవాల్సిన విషయం, ఎందుకంటే దీని దగ్గర మనవాళ్లు రెండు తప్పులూ ఒకేసారి చేస్తారు. ఒకవైపు వీధి చివర ఆర్‌ఎంపీ సూదిలో డైక్లోఫెనాక్ నింపుకుని సిద్ధంగా ఉంటాడు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, వీటిని 20 వారాలు దాటాక వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గచ్చు. 30 వారాలు దాటాక అయితే బిడ్డ గుండె దగ్గర పుట్టేదాకా తెరుచుకుని ఉండాల్సిన ఒక రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం. పూతే కదా, స్ప్రేనే కదా అని డైక్లో జెల్ రుద్దుకునేవాళ్లూ డాక్టర్ని అడిగే రుద్దుకోవాలి. ఇది ఒక తప్పు. దీనికి సరిగ్గా ఎదురు తప్పు, "కడుపుతో ఉన్నప్పుడు ఏ మాత్రా మింగకూడదు, ఓర్చుకో" అనడం. పారాసిటమాల్ ఉంది కదా! గర్భిణులకి నొప్పికి మొదట ఇచ్చేది అదే, డాక్టరు చెప్పిన మోతాదులో, టైము ప్రకారం. నొప్పి లేచాక ఒకటి వేసుకోవడం వేరు, నొప్పి లేవకముందే గంటల లెక్కన వేసుకోవడం వేరు. రెండోదానితో నాకు రాత్రిళ్లు నిద్ర పట్టింది. దాన్ని దాటిన నొప్పి ఉంటే అంతకన్నా గట్టి మందులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి, అవసరమైనన్ని రోజులు చూసుకుని ఇస్తారు. "ఆడవాళ్లు పురిటినొప్పులే ఓర్చుకుంటారు, ఇదెంత" అని ఒకాయన అన్నాడు. ఆయనకి పంటి నొప్పి వచ్చిన రోజు ఊరంతా వినిపించింది లెండి.

ఎవరూ పెద్దగా మాట్లాడని ప్రమాదం ఒకటుంది, రక్తం గడ్డకట్టడం. గర్భంలో ఒంట్లో రక్తం మామూలు కన్నా తేలిగ్గా గడ్డకడుతుంది, కాన్పు సమయంలో రక్తం ఎక్కువ పోకుండా ఒళ్లు చేసుకునే ఏర్పాటు అది. సిరల్లో గడ్డలు కట్టే అవకాశం అప్పుడు మామూలు మనిషితో పోలిస్తే నాలుగైదు రెట్లు ఎక్కువ. దానికి తోడు కాలు కట్టులో పెట్టి మంచానికి కట్టేస్తే చెప్పక్కర్లేదు. పిక్కలో గడ్డ కట్టి అది ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదకొస్తుంది. నా ఎముకల డాక్టరు ఆ మాటే ఎత్తలేదు, అడిగితే "అది మీ గైనకాలజిస్టుని అడగండి" అన్నాడు. ఆమె నా బరువు, వయసు, కట్టు అన్నీ చూసి రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సపారిన్ అనే ఇంజెక్షన్ రోజుకొకటి రాసింది, పొట్ట చర్మం కింద మనమే వేసుకునేది. అది మాయ దాటి బిడ్డకి పోదు. ఒక మెలిక మాత్రం ఉంది. ఆ సూది వేసుకున్న 12 గంటల దాకా వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇవ్వకూడదు. కాబట్టి నొప్పులు మొదలైనట్టు అనుమానమొచ్చినా ఆ పూట సూది వేసుకోకుండా ఫోన్ చేయాలి. కట్టు లేని కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆసుపత్రికే పోవాలి. అలాంటి కాలికి నూనె రాసి మర్దన చేసే పని అసలు పెట్టుకోకూడదు. మా ఇంట్లో ఆ నూనె గిన్నె నేను వద్దంటున్నా రోజూ వెచ్చబడేది.

ఇంట్లో తిరగడం గురించి ఎక్కువ చెప్పను. ఆ పొట్టతో చంక కర్రలు వద్దు, నాలుగు కాళ్ల వాకర్ తెచ్చుకోండి. బాత్రూమ్‌లో ప్లాస్టిక్ కుర్చీ, నేల మరుగుదొడ్డే ఉంటే దాని మీద కమోడ్ కుర్చీ. మేడ మీద గది ఉంటే కిందకి మకాం మార్చండి.

మధ్యలో ఒక మాట. ఆ ఆసుపత్రిలో "ఎలా పడింది?" అన్న ప్రశ్న మా ఆయన్ని అడిగారు, మా అమ్మనీ అడిగారు, నన్ను మాత్రం అడగలేదు. నాకు దాచడానికేమీ లేదు కాబట్టి సరిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, పెళ్లయిన ఆడవాళ్లలో 3.1 శాతం మంది గర్భంతో ఉన్నప్పుడు శారీరకంగా దెబ్బలు తిన్నామని చెప్పారు. పైకి చెప్పుకున్నవాళ్ల లెక్కే అది. గర్భిణి దెబ్బతో వస్తే పక్కనున్నవాళ్లందరినీ బయటికి పంపి, తలుపేసి, ఆమెనే అడగాలి. అయిదు నిమిషాల పని. అడగకపోయినా మహిళల హెల్ప్‌లైన్ 181 ఉందని తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు కాన్పు సంగతి. నేను మొదటి నుంచీ చూపించుకుంటున్న చోట, కట్టు చూడగానే "అయితే సిజేరియన్‌కి డేట్ చూసుకోండి" అన్నారు. ఎందుకని అడిగితే "కాలు ఇలా పెట్టుకుని నార్మల్ ఎలా అవుతుంది?" అని ఎదురు ప్రశ్న. మా అత్తగారు ఫోన్‌లో మంచి ముహూర్తం కూడా చెప్పేసింది. మోకాలి కింద ఎముక విరగడం ఆపరేషన్‌కి కారణం కాదు. కటి ఎముక విరిగి దారి ఇరుకైతేనో, జరిగితేనో, తుంటి కదపకూడని స్థితిలో ఉంటేనో అది వేరే కథ, అప్పుడు ఆపరేషనే సరైన దారి కావచ్చు. నాకు చీలమండ. బిడ్డ ఆ దారిన రాదు కదా! అదే ఆసుపత్రిలో కాలు బాగున్నవాళ్లకి కూడా ఏదో ఒక కారణం దొరుకుతూనే ఉంటుంది. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. దేశం మొత్తం మీద 21.5 శాతమే. మన ఆడవాళ్ల శరీరాలు మిగతా దేశం కన్నా అంత తేడాగా తయారయ్యాయని నేను నమ్మను.

పైగా విరిగిన కాలున్న మనిషికి పొట్ట మీద కోత ఎంత అవస్థో ఆ సలహా ఇచ్చేవాళ్లు ఆలోచించరు. ఒక కాలు ఆనించకూడదు, వాకర్ మీద ఒంటి బరువంతా చేతులతో, పొట్ట కండరాలతో మోయాలి. ఆ పొట్టకే కుట్లుంటే? మంచం మీద నుంచి లేచేదెలా? గడ్డకట్టే ప్రమాదం కూడా నార్మల్ కన్నా సిజేరియన్ తర్వాత ఎక్కువ. కాలు విరిగింది కాబట్టి ఆపరేషన్ అనడం కన్నా, కాలు విరిగింది కాబట్టి వీలైనంతవరకు ఆపరేషన్ లేకుండా చూద్దాం అనడం న్యాయం. తిరుపతిలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె కట్టు వైపు చూసి, "కాలికి కదమ్మా కట్టు, మిగతావన్నీ బాగానే ఉన్నాయిగా" అంది. ఆ ముక్కకి సగం టెన్షన్ దిగిపోయింది.

ఇక్కడ నార్మల్ కాన్పంటే వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్లూ ఎత్తి పట్టీల్లో పెట్టడమే అని మన లేబర్ రూముల్లో స్థిరపడిపోయింది. అందుకే "కాలు ఇలా ఉంటే ఎలా" అన్న ప్రశ్న పుడుతోంది. ఆ పద్ధతి చూసేవాళ్లకి సులువు, కనేవాళ్లకి కాదు. కాన్పు ఏ భంగిమలో అన్నది తల్లి ఇష్టానికి వదలాలనీ, తోడు ఎవరుండాలో ఆమె ఎంచుకోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. నొప్పులు మొదలయ్యాక సిస్టర్ అలవాటుగా "కాస్త అటూ ఇటూ నడవండమ్మా" అంది, చూసి తనే నవ్వేసింది. నడవలేను, సరే. కుర్చీని వెనక్కి తిప్పి, వీపు ఆనే చోట చేతులు వేసి ముందుకు వాలి కూర్చున్నాను, కట్టు కాలు పక్కకి చాపి. అది విసుగొస్తే మంచం మీద మోకాళ్లపై, చేతుల కింద దిండ్ల గుట్ట, కట్టు ఉన్న పాదం మంచం అంచు దాటి గాల్లోకి. మోకాలి కిందకే ఉన్న కట్టు కాబట్టి మోకాలు వంగుతుంది, చీలమండ మీద బరువు పడదు. నడుం నొప్పికి అంతకన్నా హాయి ఇంకోటి దొరకలేదు. కట్టు తడవకుండా ముందే పాలిథీన్ కవరు చుట్టి టేపు వేశాం. ఉమ్మనీరు పోయినప్పుడు ఆ కవరు విలువ తెలిసింది.

ముక్కే సమయానికి ఎడమ వైపు తిరిగి పడుకున్నాను. పైనున్న కుడి కాలిని మా పిన్ని పట్టుకుంది, పాదం దగ్గర కాదు, తొడ కింద ఒక చెయ్యి, మోకాలి వెనక ఒక చెయ్యి. ఇది ముందురోజే ఇంట్లో మంచం మీద చేసి చూసుకున్నాం, నవ్వుకుంటూ. డ్యూటీ మారి కొత్తగా వచ్చిన ఆవిడ అలవాటు ప్రకారం పట్టీ వైపు కాలు లాగబోయింది. నా నోట్లోంచి మాట వచ్చే పరిస్థితి లేదు. పిన్నే, "అమ్మా, ఫైల్ మీద కాగితం చూడు" అంది. కుడి కాలు పట్టీలో పెట్టొద్దు, ఎడమ పక్కకి కాన్పు, చివరి ఎనాక్సపారిన్ సూది ఏ టైముకి వేసుకున్నదీ, అంతే ఉంది ఆ కాగితంలో, డాక్టరమ్మ సంతకంతో. అదీ తోడు మనిషి అవసరం. వెన్నుకి ఎపిడ్యూరల్ తీసుకునేవాళ్లకైతే ఇంకా అవసరం, ఎందుకంటే నడుం కింద నొప్పి తెలియదు కాబట్టి కాలు మెలిపడినా, కట్టు ఒత్తుకున్నా వాళ్లకే తెలీదు. కుట్లు వేసేటప్పుడు మాత్రం నేనూ వెల్లకిలా పడుకోక తప్పలేదు. కట్టు కాలి కింద దిండ్లు పేర్చి పిన్ని అలాగే పట్టుకుని నిలబడింది, ఆవిడ చేతులు మరుసటి రోజుకి కూడా లేవలేదు.

పుట్టాక కథ మారుతుంది. ఒంట్లో నీరు దిగిపోయి, బిగుతుగా ఉన్న కట్టు వదులైపోయింది. లోపల కాలు ఆడుతుంటే ఎముక అతకదు, మార్పించుకోవాలి. గడ్డకట్టే ప్రమాదం కాన్పయ్యాక తగ్గుతుందనుకుంటారు, నిజానికి మొదటి 6 వారాల్లోనే ఎక్కువ. నా సూదులు కొనసాగాయి, పాలిచ్చే తల్లికి వాటితో ఇబ్బంది లేదు. నిన్నటిదాకా వద్దన్న ఐబూప్రొఫెన్ ఇప్పుడు పాలిస్తూ కూడా వాడచ్చు. ఇది తెలియక కాన్పయ్యాక కూడా నొప్పి భరిస్తూ కూర్చునేవాళ్లున్నారు. బిడ్డని ఎత్తుకుని వాకర్‌తో నడవడం మాత్రం ఎంత దగ్గరైనా వద్దు. ఉయ్యాల మంచం పక్కకే రావాలి, బిడ్డ మన దగ్గరికి రావాలి.

పథ్యం దగ్గర మా అవ్వతో పెద్ద యుద్ధమే జరిగింది. పురిటాలికి కారప్పొడి, నెయ్యి అన్నం, కాల్చిన వెల్లుల్లి, ఇవి బాగానే ఉంటాయి. పప్పు వద్దు వాతం, పెరుగు వద్దు జలుబు, గుడ్డు వద్దు వేడి, నీళ్లు తక్కువ తాగు అంటే ఎముక దేనితో అతుకుతుంది? ఒకవైపు పాలు, ఒకవైపు అతుకుతున్న ఎముక, రెండూ నా ఒంట్లోంచే కాల్షియం అడుగుతున్నాయి. కాన్పయ్యాక 6 నెలల దాకా రోజుకి రెండు పూటలా 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్ర వేసుకోవాలని మన ప్రభుత్వమే చెబుతుంది, ఐరన్ మాత్రతో కలపకుండా వేరే పూట వేసుకోమంటుంది. చివరికి గుడ్డు, పప్పు, పెరుగు మూడూ సాధించాను. అవ్వ అలిగి రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఇవన్నీ తిరుపతికి కారేసుకుని పోగలిగినవాళ్ల ముచ్చట్లు, సర్కారు ఆసుపత్రి లేబర్ రూములో ఎవరు వింటారు అంటారేమో. డాక్టర్లని మార్చుకునే వీలు అందరికీ ఉండదన్నది నిజమే. అయినా నేను అడిగినవాటిలో ఖరీదైనవేవీ లేవు. దిండు, కుర్చీ, పాలిథీన్ కవరు, ఒక కాగితం, ఒక మనిషి. కాన్పు గదిలోకి తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రులకి చెప్పింది, సర్కారు లేబర్ రూములని బాగుచేయడానికి 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమంలోనూ అది ఉంది. గట్టిగా అడగండి, అయితే నొప్పులొచ్చాక కాదు, ముందు చెకప్‌లోనే. 108కి ఫోన్ చేసేటప్పుడు కాలికి కట్టుందనీ స్ట్రెచర్ కావాలనీ చెప్పండి. ఎముకల డాక్టరూ కాన్పుల డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఒకరి గదిలో కూర్చుని ఇంకొకరికి ఫోన్ కలిపి చేతికివ్వండి, నేనదే చేశాను. మొహం చిట్లించారు గానీ మాట్లాడారు, రెండు నిమిషాల్లో తేలిపోయింది.